డీజేఐ మావిక్ 3 ఎంటర్‌ప్రైజ్ రివ్యూ: మ్యాపింగ్‌లో దీని సత్తా ఎంత, హద్దు ఎక్కడ

డీజేఐ మావిక్ 3 ఎంటర్‌ప్రైజ్ 2022 సెప్టెంబరులో వచ్చింది. 2025 జనవరిలో అదే కంపెనీ మ్యాట్రిస్ 4ఈ విడుదల చేశాక దీన్ని పాత మోడల్ కింద లెక్కేసేవాళ్లు పెరిగారు. ఆ తొందర అక్కర్లేదు. అర చదరపు కిలోమీటరు, మహా అయితే చదరపు కిలోమీటరు స్థలాన్ని 3 సెంటీమీటర్ల వివరంతో మ్యాప్ చేయాలంటే ఈ డ్రోన్ ఇప్పటికీ గట్టి పనిమంతురాలే. కాకపోతే బ్రోషర్‌లో రాసిన రెండు మాటలు యథాతథంగా నమ్మకూడదు. ఒకటి, ఒక్క ఎగురుడులో 2 చదరపు కిలోమీటర్లు. రెండు, ఆర్టీకే (బేస్ స్టేషన్ సవరణలతో డ్రోన్ స్థానాన్ని ఎగురుతుండగానే సెంటీమీటర్లలో తేల్చే పద్ధతి) ఉంటే నేలమీద కంట్రోల్ పాయింట్లు (ముందే కొలిచిపెట్టిన గుర్తులు) పెట్టనక్కర్లేదన్న అభిప్రాయం. ఈ రివ్యూలో ఎక్కువ భాగం ఆ రెండింటి చుట్టూనే.

కొనేముందు పేరు సరిగ్గా చూసుకోండి. మావిక్ 3 ఎంటర్‌ప్రైజ్ సిరీస్‌లో ఒకేలా కనిపించే డ్రోన్లు ముఖ్యంగా మూడున్నాయి. మ్యాపింగ్‌కు కావలసింది 3ఈ. 3టీ అనేది థర్మల్ మోడల్. దాని వైడ్ కెమెరాలో ఉన్నది అర అంగుళం సెన్సర్, 48 మెగాపిక్సెళ్లు, మెకానికల్ షట్టర్ లేదు. 48 పెద్ద అంకె కదా అని 3టీ తీసుకుంటే మ్యాపింగ్‌కు అసలు కావలసిన భాగమే చేతికి రాదు. 3ఎం మల్టీస్పెక్ట్రల్ మోడల్, పంటల పనికి. అందులోని మామూలు రంగుల కెమెరాకు మెకానికల్ షట్టర్ ఉంది కాబట్టి దాంతో మ్యాపింగ్ కూడా చేసుకోవచ్చు.

కెమెరా, షట్టర్

3ఈ వైడ్ కెమెరాది 4/3 అంగుళాల సెన్సర్, 20 మెగాపిక్సెళ్లు. ఫొటో సైజు 5280 × 3956. లెన్స్ 24 ఎంఎంకు సమానం, అపర్చర్ ఎఫ్/2.8 నుంచి ఎఫ్/11 వరకు. పక్కనే 162 ఎంఎంకు సమానమైన టెలి కెమెరా ఉంది. టవర్ మీద బోల్టు చూడ్డానికి అది బాగుంటుంది, మ్యాపింగ్‌లో దానికి పనిలేదు. ఆ ఫొటోలను వైడ్ ఫొటోలతో కలిపి ఒకే ప్రాజెక్టులో పడేస్తే అలైన్‌మెంట్‌కు (ఫొటోలను ఒకదానితో ఒకటి జతచేసే మెట్టు) కొత్త తలనొప్పి తప్ప లాభం లేదు.

ఈ డ్రోన్‌కు పెట్టే డబ్బులో సగం విలువ మెకానికల్ షట్టర్‌దే అనుకోవచ్చు. మామూలు డ్రోన్లలో ఉండే రోలింగ్ షట్టర్ ఫొటోను పైవరస నుంచి కింది వరసకు ఒక్కొక్కటిగా చదువుతుంది. మొత్తం చదవడానికి 30 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే, సెకనుకు 10 మీటర్లు పోతున్న డ్రోన్ ఆలోపు 30 సెంటీమీటర్లు జరిగిపోతుంది. అంటే ఒకే ఫొటోలో మొదటి వరస తీసిన చోటు ఒకటి, చివరి వరస తీసిన చోటు ఇంకొకటి. మెటాషేప్, పిక్స్4డీ లాంటి సాఫ్ట్‌వేర్లలో దీనికి సవరణ ఉంది, కానీ అది అంచనా మాత్రమే, గాలికి డ్రోన్ ఊగితే అంచనా తప్పుతుంది. మెకానికల్ షట్టర్ ఫ్రేమ్ మొత్తాన్ని ఒకే స్థానం నుంచి పట్టిస్తుంది కాబట్టి ఈ గొడవే ఉండదు. 3ఈ ఫొటోలు ప్రాసెస్ చేసేటప్పుడు రోలింగ్ షట్టర్ సవరణ ఆపేయండి. లేని లోపాన్ని సరిచేయమంటే సాఫ్ట్‌వేర్ కొత్త లోపం తెచ్చిపెడుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. మెకానికల్ షట్టర్ వేగం 1/2000 సెకను దగ్గర ఆగిపోతుంది. ఎలక్ట్రానిక్ షట్టర్ 1/8000 వరకు పోతుంది. అంతా ఆటోలో వదిలేసి మిట్టమధ్యాహ్నం ఎండలో ఎఫ్/2.8తో ఎగరేస్తే కెమెరా ఆ హద్దు దగ్గరికే పోతుంది. వెలుతురు నిలకడగా ఉన్నప్పుడు మాన్యువల్ మోడ్ మంచిది. గట్టి ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్/5.6, 1/800 నుంచి 1/1000 మధ్య. మబ్బు పట్టి ఉంటే ఎఫ్/4, 1/1000 దగ్గరే ఉంచి ఐఎస్ఓను 400 దాకా పోనివ్వవచ్చు. కాస్త గ్రెయిన్ వస్తే వచ్చింది, మసక మాత్రం రాకూడదు. ఎఫ్/2.8 దగ్గర మూలలు మెత్తబడతాయి కాబట్టి తప్పనిసరైతేనే వాడాలి. మబ్బులు వచ్చిపోయే రోజున మాన్యువల్ కుదరదు. షట్టర్ ప్రయారిటీలో 1/1000 పెట్టి, మిగతాది కెమెరాకు వదిలేయడమే దారి.

మసక లెక్క ఎవరికి వాళ్లు వేసుకోవచ్చు. సెకనుకు 10 మీటర్ల వేగంలో 1/1000 అంటే షట్టర్ తెరిచి ఉన్నంతసేపట్లో డ్రోన్ జరిగేది 1 సెంటీమీటరు. 100 మీటర్ల ఎత్తులో ఒక పిక్సెల్ నేలమీద 2.7 సెంటీమీటర్లు. మూడో వంతు పిక్సెల్‌కు అటూ ఇటూ, పర్వాలేదు. అదే 15 మీటర్ల వేగంలో 1/500 అయితే జరుగుడు 3 సెంటీమీటర్లు, పిక్సెల్ కంటే ఎక్కువ. ఫొటో ఫోన్ తెరమీద బాగానే కనిపిస్తుంది, కానీ నేలమీద పెట్టిన టార్గెట్ మధ్యబిందువు మీద క్లిక్ చేయబోతే అది ఎక్కడుందో తేలదు.

ఫోకస్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మిషన్ మధ్యలో కెమెరా మళ్లీ మళ్లీ ఫోకస్ చేసుకుంటే ప్రతిసారీ లెన్స్ జ్యామితి కొద్దిగా మారుతుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం ఫొటోలన్నిటికీ ఒకే లెన్స్ నమూనా వేస్తుంది. మిషన్ మొదలుపెట్టేముందు ఫోకస్‌ను దూరం మీద నిలిపేసి, అదే ఫోకస్‌తో చివరిదాకా నడపాలి. అలాగే డీవార్పింగ్ ఆఫ్‌లో ఉండాలి. అది ఆన్‌లో ఉంటే కెమెరా తన ఫ్యాక్టరీ లెక్కలతో వంపులను ముందే తీసేస్తుంది. మిగిలిపోయిన చిన్న వంపు సాఫ్ట్‌వేర్ నమూనాకు సరిగ్గా దొరకదు. ఫొటో ఎక్స్ఎంపీ సమాచారంలో (ఫొటో ఫైలులోనే దాగి ఉండే వివరాలు) డీవార్ప్‌ఫ్లాగ్ విలువ 0 ఉందో లేదో చూస్తే తేలిపోతుంది.

ఒక్క బ్యాటరీకి ఎంత స్థలం

100 మీటర్ల ఎత్తులో ఒక ఫొటో నేలమీద సుమారు 142 × 106 మీటర్లు పరుచుకుంటుంది. ముందు ఓవర్‌ల్యాప్ (వెంటవెంటనే తీసిన రెండు ఫొటోలు ఒకదానిమీద ఒకటి పడే భాగం) 80 శాతం, పక్క ఓవర్‌ల్యాప్ (పక్క లైన్ ఫొటోలతో) 70 శాతం పెడితే ప్రతి 21 మీటర్లకు ఒక ఫొటో, లైన్‌కు లైన్‌కు మధ్య 43 మీటర్ల దూరం. చదరపు కిలోమీటరుకు 24 లైన్లు, సుమారు 1,100 ఫొటోలు, 24 కిలోమీటర్ల ప్రయాణం. సెకనుకు 10 మీటర్ల వేగంతో ఇది 40 నిమిషాలు, మలుపుల సమయం కాకుండా.

కంపెనీ చెప్పే 45 నిమిషాలు గాలి లేని వాతావరణంలో ముందుకు ఎగిరినప్పటి లెక్క, గాల్లో నిలబడితే 38 నిమిషాలు. ఆర్టీకే మాడ్యూల్ బరువు, ఓ మోస్తరు గాలి, ఎక్కడానికీ వెనక్కి రావడానికీ పట్టే సమయం, 25 శాతం దగ్గర దింపేసే జాగ్రత్త ఇవన్నీ తీసేస్తే లైన్ల మీద దొరికేది అరగంట. అంటే ఈ సెట్టింగుల్లో చదరపు కిలోమీటరుకు రెండు బ్యాటరీలు. వేగాన్ని 15 మీటర్లకు పెంచితే ఒకే బ్యాటరీతో గట్టెక్కవచ్చు, కానీ షట్టర్ 1/1600 అయినా ఉండాలి, దానికి తగ్గ ఎండా ఉండాలి.

మరి 2 చదరపు కిలోమీటర్ల మాట ఎక్కడిది? పిక్సెల్ 5 సెంటీమీటర్లు చాలనుకుంటే డ్రోన్‌ను 185 మీటర్ల ఎత్తులో ఎగరేయవచ్చు, లైన్ల మధ్య దూరం దాదాపు రెట్టింపవుతుంది. అబద్ధం కాదు, కానీ చాలా దేశాల్లో ప్రత్యేక అనుమతి లేకుండా 120 మీటర్లు దాటకూడదు. ఆ హద్దులోపల పనిచేసేవాళ్లకు ఆ అంకె అక్కరకు రాదు.

ఫొటోకు ఫొటోకు మధ్య 0.7 సెకన్లు చాలన్నది ఇంకో గొప్ప. 100 మీటర్ల ఎత్తులో దీనివల్ల ఒరిగేదేమీ లేదు, అక్కడ రెండు సెకన్లకు ఒక ఫొటో తీసినా సరిపోతుంది. దీని విలువ కిందికి దిగినప్పుడు తెలుస్తుంది. 40 మీటర్ల ఎత్తులో, 1 సెంటీమీటరు వివరంతో తీయాలంటే ప్రతి 8.5 మీటర్లకు ఒక ఫొటో కావాలి. 0.7 సెకన్ల వ్యవధితో సెకనుకు 12 మీటర్ల వేగం దాకా పోవచ్చు. 2018 నాటి ఫాంటమ్ 4 ఆర్టీకే వ్యవధి 2.5 సెకన్లు. అదే పనికి అది సెకనుకు మూడు మీటర్ల చిల్లర వేగంతో పాకాలి. ఫాంటమ్ నుంచి మారాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లు ఎక్కువగా ఎంత ఎత్తులో పనిచేస్తారో చూసుకుని తేల్చుకోవాలి. ఎత్తైన పనులే అయితే పిక్సెల్ సైజులో రెండిటికీ తేడా లేనట్టే. లాభమంతా బ్యాటరీలో.

గుట్టలున్న చోట ఎత్తు విషయంలో చాలామంది దెబ్బతింటారు. డ్రోన్ 100 మీటర్లు అన్నది ఎగిరిన చోటు నుంచి. మధ్యలో 40 మీటర్ల గుట్ట వస్తే దాని తలమీద మిగిలేది 60 మీటర్లే. పైన వేసిన లైన్లు మారవు కాబట్టి ముందు ఓవర్‌ల్యాప్ 80 నుంచి 67కు, పక్క ఓవర్‌ల్యాప్ 70 నుంచి 50కి పడిపోతుంది. ఆ గుట్ట కొనమీద చెట్లుంటే అక్కడే మోడల్‌లో చిల్లులు పడతాయి. డ్రోన్‌ను నడిపే పైలట్ 2 యాప్‌లో నేల ఎత్తుపల్లాలను అనుసరించే టెరైన్ ఫాలో ఉంది. అందుకు డీఎస్ఎం ఫైలు (ఆ చోటి ఎత్తుల నమూనా) ఇచ్చేటప్పుడు అది డబ్ల్యూజీఎస్84 అక్షాంశ రేఖాంశాల్లో ఉండాలి. యూటీఎం మీటర్లలో ఉన్న ఫైలు ఇచ్చి, యాప్ తీసుకోవడం లేదని డ్రోన్‌ను తిట్టడం మామూలే. సరిహద్దును కేఎంఎల్ ఫైలుగా ఎక్కించవచ్చు. ఆ సరిహద్దును నాలుగువైపులా కనీసం ఒక లైన్ దూరం పెంచి ఎగరేయాలి, అంచుల్లో ఫొటోలు తక్కువ పడితే మ్యాప్ అంచే ముందు చెడుతుంది.

ఆర్టీకే: ఏమి ఇస్తుంది, ఏమి ఇవ్వదు

ఆర్టీకే మాడ్యూల్ 3ఈతో పుట్టింది కాదు, పైన స్క్రూలతో బిగించాలి. బరువు 24 గ్రాములు. లౌడ్‌స్పీకర్ కూడా అదే పోర్టులో కూర్చుంటుంది కాబట్టి రెండూ ఒకేసారి కుదరవు. మ్యాట్రిస్ 4ఈలో ఆర్టీకే లోపలే అమర్చి ఉంటుంది, ఈ ఒక్క విషయంలో కొత్తది ఖచ్చితంగా మెరుగు.

కచ్చితత్వం అడ్డంగా 1 సెంటీమీటరు, నిలువుగా 1.5 సెంటీమీటర్లు, దానిమీద బేస్ (నేలమీద ఒకచోట నిలిపి ఉంచే రిసీవర్) నుంచి ప్రతి కిలోమీటరుకు 1 మిల్లీమీటరు అదనం. బేస్ 10 కిలోమీటర్ల దూరంలో ఉంటే నిలువు లోపం 2.5 సెంటీమీటర్లకు చేరుతుంది. ఇవి కెమెరా స్థానానికి సంబంధించిన అంకెలు, మ్యాప్‌వి కావు. మ్యాప్‌లో అడ్డంగా ఒకటి నుంచి రెండు పిక్సెళ్లు, నిలువుగా ఒకటిన్నర నుంచి మూడు పిక్సెళ్ల లోపం ఉంటుందనుకుని ఒప్పందాల్లో మాట ఇవ్వాలి. 100 మీటర్ల ఎత్తులో నిలువుగా 4 నుంచి 8 సెంటీమీటర్లు. అంతకంటే మెరుగ్గా కావాలంటే కిందికి దిగాలి.

సొంత బేస్ వాడేవాళ్లు చేసే అతిపెద్ద పొరపాటు ఒకటుంది. బేస్‌ను త్రిపాదం మీద పెట్టి, తెలిసిన బిందువు అంకెలు ఎక్కించకుండా ఆన్ చేస్తారు. బేస్ తన స్థానాన్ని తానే మామూలు జీపీఎస్‌తో తేల్చుకుంటుంది, అది మీటరో రెండు మీటర్లో తప్పు. డ్రోన్ స్క్రీన్ మీద పచ్చగా ఫిక్స్ (స్థానం సెంటీమీటర్లలో కుదిరిందన్న సూచన) కనిపిస్తుంది, ఫొటోలన్నీ ఒకదానితో ఒకటి సెంటీమీటర్లలో సరిపోతాయి, మ్యాప్ మొత్తం మీటరు పక్కకు జరిగి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ రిపోర్టులో ఎక్కడా తప్పు కనిపించదు. నేలమీద కొలిచిన ఒక్క పాయింట్ ఉంటే చాలు, ఇది వెంటనే బయటపడుతుంది.

ఫిక్స్ నిజంగా ఉందా అన్నది స్క్రీన్ చూసి కాక ఫొటో ఎక్స్ఎంపీలో చూడాలి. ఆర్టీకేఫ్లాగ్ విలువ 50 ఉంటే ఫిక్స్, 34 ఉంటే ఫ్లోట్ (ఇంకా పూర్తిగా కుదరని స్థానం), 16 ఉంటే మామూలు జీపీఎస్, 0 అంటే అసలు పొజిషనే లేదు. ఎగ్జిఫ్‌టూల్‌తో ఫోల్డర్ మొత్తానికీ ఈ విలువ ఒక్కసారిలో తీయవచ్చు. ఫ్లోట్ ఫొటోలు నాలుగైదు ఉంటే ఇబ్బంది లేదు, వాటికి స్థాన కచ్చితత్వం తక్కువగా ఇచ్చి ఉంచుకోవచ్చు. ఒక లైన్ అంతా ఫ్లోట్ అయితే ఆ లైన్ మళ్లీ ఎగరేయాలి, లేదా పీపీకేకు, అంటే ఎగిరొచ్చాక కంప్యూటర్‌లో స్థానాలు సరిదిద్దే పద్ధతికి, వెళ్లాలి.

పీపీకేకు కావలసినవన్నీ 3ఈ తానే దాచిపెడుతుంది. ప్రతి మిషన్ ఫోల్డర్‌లో ఫొటోలతోపాటు ఎంఆర్‌కే ఫైలు, శాటిలైట్ ముడి డేటా, దాన్నే వేర్వేరు సాఫ్ట్‌వేర్లు చదవగలిగే రూపంలో ఉంచే రైనెక్స్ ఫైళ్లు ఉంటాయి. ఎంఆర్‌కేలో ఒక్కో ఫొటోకు ఒక్కో వరస: జీపీఎస్ వారంలో ఎన్నో సెకను, యాంటెన్నా నుంచి కెమెరాకు ఉత్తరం, తూర్పు, నిలువు దిశల్లో మిల్లీమీటర్ల దూరం, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, లోపాల అంచనా. ఫ్లైట్ కంట్రోలర్, కెమెరా, ఆర్టీకే మూడూ ఒకే గడియారం మీద నడుస్తాయి కాబట్టి షట్టర్ పడిన క్షణం ఇందులో నమ్మకంగా దొరుకుతుంది. ఎమ్‌లిడ్ స్టూడియో గానీ ఆర్‌టీకే‌లిబ్ గానీ ఈ ఫైళ్లను బేస్ ఫైలుతో కలిపి స్థానాలు తేలుస్తాయి. బేస్ రికార్డింగ్ డ్రోన్ లేవకముందే మొదలై, దిగాకే ఆగాలి. మధ్యలో బేస్ బ్యాటరీ అయిపోతే ఆ భాగానికి పీపీకే లేనట్టే. మొబైల్ నెట్‌వర్క్ నమ్మకంగా లేని చోట లైవ్ కరెక్షన్ల కోసం కుస్తీ పట్టకుండా నేరుగా పీపీకే చేయడమే ఉత్తమం. కాపీ చేసేటప్పుడు జేపీజీలు మాత్రమే తీసుకుని కార్డు ఫార్మాట్ చేసే అలవాటు ఉంటే మానుకోండి, ఫోల్డర్ ఫోల్డర్‌గా తీయండి.

ఎత్తు విలువల దగ్గర గందరగోళం

ఆర్టీకే ఇచ్చే ఎత్తు ఎలిప్సాయిడ్ (భూమికి బదులు లెక్కల్లో వాడే నునుపైన, కాస్త నొక్కిన గోళం) మీద నుంచి. డ్రాయింగుల్లో, నీటి కాలువల డిజైన్లలో వాడే ఎత్తు సముద్ర మట్టం నుంచి, అంటే జియాయిడ్ నుంచి. రెండిటికీ తేడా ప్రపంచంలో చోటును బట్టి హిందూ మహాసముద్రం వైపు సుమారు మైనస్ 106 మీటర్ల నుంచి న్యూగినీ వైపు సుమారు ప్లస్ 85 మీటర్ల దాకా మారుతుంది. 90 మీటర్ల తేడా వస్తే ఎవరైనా పట్టేస్తారు. ప్రమాదమంతా జియాయిడ్ నమూనాల్లో ఈజీఎం96కు బదులు ఈజీఎం2008, లేదా ప్రపంచ నమూనాకు బదులు ఆ దేశపు నమూనా వాడినప్పుడు వచ్చే అర మీటరు తేడాతో. డ్రోన్ ఫొటోలు ఒక విధంగా, రోవర్‌తో (పోల్ మీద పట్టుకు తిరిగే రిసీవర్) కొలిచిన పాయింట్లు ఇంకో విధంగా ఉంటే సాఫ్ట్‌వేర్ రెంటి మధ్యా రాజీ కుదర్చడానికి లెన్స్ లెక్కలను వంచేస్తుంది. పని మొదలుకాకముందే రెండూ ఎలిప్సాయిడ్‌లో ఉంచి, చివర్లో ఒకేసారి మార్చుకోవడం సురక్షితం.

కంట్రోల్ పాయింట్లు ఎందుకు మానకూడదు

దీనికి కారణం జ్యామితిలోనే ఉంది. 3ఈ లెన్స్ ఫోకల్ లెంగ్త్ పిక్సెళ్లలో చెబితే సుమారు 3,700. ఫొటోలన్నీ ఒకే ఎత్తు నుంచి, నిట్టనిలువుగా కిందికి చూస్తూ తీసినప్పుడు, ఫోకల్ లెంగ్త్ కాస్త ఎక్కువా లేక నేల కాస్త కిందా అన్నది సాఫ్ట్‌వేర్‌కు తేల్చుకోవడం కష్టం. ఫోకల్ లెంగ్త్‌లో 4 పిక్సెళ్ల తప్పు జరిగితే 100 మీటర్ల ఎత్తులో నేల మొత్తం సుమారు 11 సెంటీమీటర్లు పైకో కిందికో జరుగుతుంది. అడ్డంగా అన్నీ చక్కగా కుదురుతాయి, కాబట్టి అనుమానం రాదు. మట్టి పరిమాణం లెక్కలో ఇదే లోపం హెక్టారుకు 1,100 ఘనమీటర్లు అవుతుంది. బిల్లు మీద సంతకం పెట్టేవాడికి ఈ అంకె చెప్పి చూడండి.

విరుగుడు మూడు రకాలు. పైలట్ 2లో ఎలివేషన్ ఆప్టిమైజేషన్ అనే మీట ఉంది. మామూలు లైన్లు అయ్యాక డ్రోన్ స్థలం మధ్యమీదుగా ఏటవాలు ఫొటోలు కొన్ని తీసుకొస్తుంది. ఒకటి రెండు నిమిషాల పని, ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి. లేదంటే అడ్డంగా రెండు లైన్లు 20 మీటర్లు ఎక్కువ ఎత్తులో ఎగరేయవచ్చు. మూడోది, అన్నిటికంటే గట్టిది, నేలమీద పాయింట్లు.

ఆర్టీకే ఉన్నప్పుడు చదరపు కిలోమీటరుకు నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి కంట్రోల్‌కు, ఇంకో నాలుగైదు చెక్ పాయింట్లుగా, అంటే లెక్కలో కలపకుండా ఫలితం సరిచూసుకోవడానికి, చాలు. ఆర్టీకే లేకపోతే ఈ సంఖ్య బాగా పెరగాలి. టార్గెట్ ఎంత పెద్దది ఉండాలంటే, పిక్సెల్ 2.7 సెంటీమీటర్లయితే 60 సెంటీమీటర్ల చదరం, నలుపు తెలుపు గళ్లు రెండేసి. ఒక్కో గడి 11 పిక్సెళ్లు వస్తుంది, గళ్లు కలిసే చోటును సగం పిక్సెల్ తేడాతో పట్టవచ్చు. మెరిసే వినైల్ షీటు వద్దు. ఎండలో తెల్ల గడి పొంగి నల్ల గడిని తినేస్తుంది, మధ్యబిందువు ఒకవైపు జరుగుతుంది. మెరుపు లేని రంగు వాడాలి, తెలుపు బదులు లేత బూడిద రంగు ఇంకా మేలు. చెట్టు కిందా, గోడ వారా పెట్టకూడదు. రోవర్ పోల్ ఎత్తు పుస్తకంలో రాసుకోవాలి. 2 మీటర్ల పోల్‌ను 1.8 దగ్గర పెట్టి 2 అని ఎక్కించడం ఈ రంగంలో ఎప్పటికీ చావని తప్పు.

ప్రాసెసింగ్

మెటాషేప్‌లో ఫొటోలు ఎక్కించేముందు సెట్టింగుల్లో కెమెరా స్థాన కచ్చితత్వాన్ని ఎక్స్ఎంపీ నుంచి తీసుకునే గడిలో టిక్ పెట్టాలి. ఇది మరిచిపోతే సాఫ్ట్‌వేర్ ప్రతి ఫొటోకూ 10 మీటర్ల లోపం ఉందనుకుంటుంది. ఆర్టీకే కోసం పెట్టిన డబ్బంతా ఆ ఒక్క టిక్ దగ్గర పోతుంది. ఆ తర్వాత అలైన్ చేసి, పాయింట్లను గుర్తించి, చెక్ పాయింట్ల టిక్ తీసేసి, కెమెరాలను ఆప్టిమైజ్ చేయాలి. చెక్ పాయింట్ల నిలువు లోపాలన్నీ ఒకేవైపు ఉంటే ఫోకల్ లెంగ్త్‌నో, జియాయిడ్‌నో అనుమానించండి. మధ్యలో ప్లస్, అంచుల్లో మైనస్ వస్తే మోడల్ బోర్లించిన గిన్నెలా వంగింది, ఏటవాలు ఫొటోలు గానీ కంట్రోల్ గానీ చాలలేదు. ఏ క్రమమూ లేకుండా చెల్లాచెదురుగా ఉంటే పాయింట్ల కొలతలోనో క్లిక్‌లోనో తప్పుంది. డెన్స్ క్లౌడ్‌కు (దట్టమైన బిందువులతో కట్టే 3డీ నమూనా) పోకముందే ఇదంతా చూడాలి, ఎందుకంటే ఆ తర్వాతి మెట్టుకు గంటలు పడుతుంది. 1,100 ఫొటోలకు 64 జీబీ ర్యామ్, మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే రాత్రి పెట్టి పొద్దున చూసుకోవచ్చు. 16 జీబీ ల్యాప్‌టాప్ మీద ఆ ఆశ పెట్టుకోవద్దు.

డబ్బు పెట్టలేనివాళ్లకు వెబ్‌ఓడీఎం ఉంది, ఉచితం, మామూలు పనులకు ఏ లోటూ లేదు. దాని డిఫాల్ట్‌లో ఆర్థోఫొటో (ఫొటోలన్నీ సరిచేసి కలిపిన మ్యాప్) రిజల్యూషన్ పిక్సెల్‌కు 5 సెంటీమీటర్లని ఉంటుంది. 2.7తో ఎగరేసి 5తో మ్యాప్ తీసుకుని, డ్రోన్ కెమెరా మసకగా ఉందనేవాళ్లు ఉన్నారు. ఆ అంకె మార్చుకోవాలి.

దీనితో కానివి

గడ్డి, పొదలు, చెట్ల కింద నేల ఈ కెమెరాకు కనిపించదు. నడుం ఎత్తు పంట ఉన్న పొలంలో కాంటూర్లు తీస్తే వచ్చేది పంట తలల ఎత్తు. సాఫ్ట్‌వేర్ ఫిల్టర్లు చెట్టును తీసేసి పక్కనున్న నేలను సాగదీస్తాయి తప్ప కింద ఉన్నది చూపించలేవు. అక్కడ లైడార్ (లేజర్ కిరణాలతో కొలిచే పరికరం) కావాలి. చెరువులు, కదిలే నీళ్లు అలైన్ కావు. మ్యాప్‌లో నీళ్లు చిరిగిన కాగితంలా వస్తాయి. మిట్టమధ్యాహ్నం నీటి మీద సూర్యుడి మెరుపు ఒక్కో ఫొటోలో ఒక్కో చోట పడి ఇంకా చెడగొడుతుంది. కరెంటు తీగలు మోడల్‌లో రావు. ఎత్తైన భవనాల అంచులు వంకరటింకరగా వస్తాయి. వాటికి ముందు 85, పక్క 80 శాతం ఓవర్‌ల్యాప్, దాంతోపాటు ఏటవాలు ఫొటోలు కావాలి, బ్యాటరీలు రెండింతలు పట్టుకెళ్లాలి.

సెకనుకు 12 మీటర్ల గాలి దాకా తట్టుకుంటుందని స్పెసిఫికేషన్. నిజమే, పడిపోదు. కానీ కిలో బరువు లేని డ్రోన్‌కు 8 మీటర్ల గాలిలోనే ఎదురు లైన్లలో బ్యాటరీ కరిగిపోతుంది. లైన్లను గాలికి అడ్డంగా వేస్తే ఖర్చు రెండువైపులా సమానంగా ఉంటుంది.

పదుల చదరపు కిలోమీటర్ల పని చేసేవాళ్లు దీన్ని కొనకూడదు. ఈబీ ఎక్స్ లాంటి రెక్కల డ్రోన్లు ఒక్కసారికి గంటన్నర దాకా ఎగరగలవు. 45 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ జెన్‌మ్యూస్ పీ1 కెమెరా అదే పిక్సెల్ సైజుకు ఒక లైన్‌లో ఒకటిన్నర రెట్లు వెడల్పు పడుతుంది, కానీ దానికి మ్యాట్రిస్ 300, 350 లాంటి పెద్ద డ్రోన్ కావాలి, ఆ బరువూ ఆ ఖర్చూ వేరు. మ్యాట్రిస్ 4ఈ సంగతికొస్తే ఫొటోల వ్యవధి 0.5 సెకన్లు, సెన్సర్ సైజు ఇదే, మెగాపిక్సెళ్లూ ఇవే. 3ఈ ఉన్నవాళ్లు కేవలం మ్యాప్ నాణ్యత కోసం దానికి మారనక్కర్లేదు. కొత్తగా కొనేవాళ్లకు మాత్రం రెండిటి ధరా దగ్గరదగ్గరగా ఉంటే 4ఈ తీసుకోవడమే తెలివి.

సెకండ్ హ్యాండ్‌లో 3ఈ చూస్తుంటే ఆర్టీకే మాడ్యూల్ కలిపి ఇస్తున్నారా అడగండి. బ్యాటరీల చార్జింగ్ సైకిళ్లు యాప్‌లో చూడండి. పదివేల ఫొటోలు తీసిన షట్టరా, లక్ష తీసినదా అన్నది ఫొటో ఎక్స్ఎంపీలోని షట్టర్‌కౌంట్ చెబుతుంది. చివరిగా, చిన్న మిషన్ ఒకటి ఎగరేయించి, ఫొటోలన్నిటికీ ఆర్టీకేఫ్లాగ్ 50 వచ్చిందో లేదో చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.